కొల్లేరు గాలికి కొత్త చక్రాలు

2022లో, వానలు మొదలయ్యే రోజుల్లో, ఏలూరులోని నా సైకిల్ షాపుకి ఒక భార్యాభర్తలు వచ్చారు. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నాకు తెలియనిది లేదన్న ధీమా కూడా దండిగానే ఉండేది.

రాజ్యలక్ష్మిగారు లెక్కల టీచరు. నలభై ఎనిమిదో ఏట సైకిల్ నేర్చుకుని, సన్న టైర్ల తేలికపాటి సైకిల్, రోడ్ బైక్ అంటాం, అది కొనుక్కున్నారు. పుట్టిల్లు ముదినేపల్లి. చిన్నప్పుడు అక్కడ ఆవిణ్ణి సైకిల్ ఎక్కనివ్వలేదట.

"మా అన్నయ్య తొక్కుతుంటే వెనకాల పరిగెత్తేదాన్నండీ. ఒక్కసారి మా వీధిలోకి తొక్కుకుంటూ వెళ్లాలని ఉంది," అన్నారు. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా వెళ్లాలి.

ఆ ప్రయాణానికి కానుకగా భర్త కొత్త చక్రాలు వేయిద్దామనుకున్నారు. ఫోన్లో ఫొటో చూపించి, "ఏవండీ, ఇలాంటివే కావాలండీ," అన్నారు. అవి డీప్ రిమ్ కార్బన్ చక్రాలు. రిమ్ నాలుగు వేళ్ల లోతు ఉంటుంది, తిన్నని రోడ్డు మీద వేగం బాగా నిలుస్తుంది. చక్రం నడిమధ్యనుండే హబ్ వెడల్పు చూశాను. వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి, క్యాసెట్ అంటాం, అది సరిపోతుందో లేదో చూశాను. కార్బన్‌కి తగిన బ్రేక్ రబ్బర్లు కూడా మార్చాను.

"గాలికి ఇబ్బంది ఉండదు కదండీ?" అని ఆవిడ మెల్లగా అడిగారు.

"ఏం ఉండదండీ, గాలిని కోసుకుంటూ పోతాయి," అన్నాను. అడిగింది ఆవిడ. నేను ఆయన వైపు చూసి చెప్పాను.

పది రోజులకి ఆవిడ ఒక్కరే సైకిల్‌ని ఆటోలో వేసుకుని వచ్చారు. మోచేతికి కట్టు ఉంది. "కొల్లేరు రోడ్డు మీద గాలి పక్కకి నెట్టేసిందండీ. దీన్ని ఎవరికైనా ఇచ్చేయండి, నా వయసుకి తగని సరదా. ఆయన ముచ్చటపడి వేయించారు, ఎందుకు పడ్డానో ఆయనకి చెప్పలేదు," అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనుంచి కొట్టే గాలికి అంత లోతు రిమ్ తడికలా అడ్డుపడుతుంది. ఆవిడ బక్కపలచని మనిషని చూసి, ఏ దారిన వెళతారో విని కూడా ఆ సంగతి ఆలోచించలేదు.

"తప్పు మీ వయసుది కాదండీ, నాది. ఆయనకి నేను చెబుతాను," అన్నాను.

చెప్పాను. ఆయన చక్రాల ఊసే ఎత్తలేదు. "పడ్డప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారాండీ?" అని మాత్రం అడిగారు.

ఈసారి లోతు తక్కువ అల్యూమినియం రిములు తీసుకుని, స్పోకులు నేనే అల్లాను. ఇంకొక్కసారి తొక్కి చూడమని ఆవిణ్ణి ఒప్పించి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి ట్రూయింగ్ చేశాను. అంటే చక్రం తిప్పి చూస్తూ, వంకర తీరేదాకా ఒక్కొక్క స్పోకూ సరిచేయడం. అడిగిన ప్రతిదానికీ ఆవిడకే జవాబు చెప్పాను.

చెయ్యి బాగయ్యాక ఒక ఉదయం కొల్లేరు దాకా నేనూ తొక్కుతూ తోడు వెళ్లాను. గాలి ఈడ్చి కొట్టింది.

"హ్యాండిల్ బిగించి పట్టుకోకండి, మోచేతులు వదులుగా ఉంచండి!" అని అరిచాను.

సైకిల్ కాస్త జరిగి, మళ్లీ తిన్నగా నడిచింది. కొంతదూరం పోయాక ఆవిడ, "ఇంక మీరు వెళ్లండి, నేను వెళతాను," అన్నారు. కనుమరుగయ్యేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాను.

పదింటికి ముదినేపల్లి నుంచి ఫోన్ వచ్చింది.

"వీధి మొదలు నుంచి ఇంటిదాకా మా అన్నయ్య నా వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చాడండీ," అని ఏడ్చేశారు. నాకూ కళ్లు చెమర్చాయి.

చక్రం సైకిల్‌కి సరిపోతే చాలదని నాకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు షాపుకి ఎవరు ఎవరితో వచ్చినా, తొక్కే మనిషికి ముందు కుర్చీ వేస్తాను. రిమ్ కొలత ఆ తర్వాతే తీస్తాను.