సగం ధరకు సరస్సు

ఇల్లులాంటి మా ఆర్‌వీ బండికి మెంబర్‌షిప్ అంటగట్టినవాడు దాచిన మాట నేనింకా మరచిపోలేదు. సరస్సు ఒడ్డున ఇలాంటి బండ్లు నిలుపుకుని బస చేసే క్యాంప్‌గ్రౌండ్‌లో సగం ధర సోమవారం నుంచి గురువారం వరకేనట. కట్టిన డబ్బు వదలకూడదని పంతం పట్టి, సెలవు దొరకని నా భార్య సుజాతను కెనడాలో మేముండే మార్కమ్‌లోనే ఉంచి, మంగళవారం ఒక్కడినే సరస్సుకు వెళ్లాను. చుట్టూ అందరూ రిటైరైనవాళ్లే.

పక్క బండిలో ఒక తెలుగు డాక్టరుగారు ఉన్నారు, పెద్దావిడ. “ఒక్కడివే వచ్చావేం బాబూ? ఇంట్లో గొడవా?”

“డిస్కౌంట్ కోసం ఆంటీ. మా ఆవిడకి లీవ్ దొరకలేదు.”

“మా ఆయనా అంతే, వీక్‌డేస్‌లోనే వెళ్దామనేవారు. నాకేమో క్లినిక్. ఇప్పుడు నాకు అన్నీ సెలవులే, ఆయనే లేరు.”

సుజాతకు ఫోన్ చేశాను. “శనివారం ఇద్దరం ఇక్కడికి వద్దాం. పూర్తి ధర కడతాను.”

“మీరేనా మాట్లాడేది?” అంది.

నీళ్ల మీద ఎండ ఇంకా మెరుస్తోంది. చూడమని చెప్పడానికి పక్కన సుజాత లేదు.