అడగకుండా వచ్చిన కంచం

మా ఆయన మలేషియాలో వెల్డరు. ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాడు. నేను టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నా గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దదని మా ఉద్దానంలో అందరికీ తెలుసు. చేసుకున్నది మేనబావనే కాబట్టి ఆయన్ని తిట్టడం పెళ్ళికి ముందు నుంచే అలవాటు. తిట్టించుకోవడం ఆయనకీ అలవాటే.

అలాంటి మనిషి రెండేళ్ళుగా సెలవుకి ఇంటికి రావడం మానేశాడు. ఎప్పుడడిగినా "పనెక్కువుందే" అనేవాడు. ఫోన్‌లో చూస్తే బుగ్గలు పొంగి, ముఖం నిండుగా కనిపించేవాడు. ఓలమ్మో, నా వంట లేకుండా ఈయన ఒళ్ళెలా చేశాడు? ఎవర్తో వండి పెడుతోంది, నేనిక్కడ చాక్‌పీసులు అరగదీస్తున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అది నా పక్కనే పడుకుని నా పక్కనే లేచేది.

వేసవి సెలవుల్లో ఆయనే టికెట్టు తీసి పంపాడు. "ఒకపాలి వచ్చి సూసెల్లే" అన్నాడు. పాపని మా అమ్మ దగ్గర దించి, పలాసలో రైలెక్కింది మొదలు విమానం దిగేదాకా తిట్లు వల్లించుకుంటూనే ఉన్నాను. ఎయిర్‌పోర్టులో చూడగానే అడిగేద్దామనుకున్నాను గానీ చుట్టూ జనం. మర్నాడు మధ్యాహ్నం "నాను రోజూ తినే కాడికి తీసుకెల్తాను, రా" అన్నాడు. దొరికాడు దొంగ, అనుకున్నాను.

అది మలయ్ వాళ్ళ హోటలు. రేకుల కప్పు, గోడల్లేవు, కొబ్బరిచెట్ల కింద ప్లాస్టిక్ బల్లలు. సముద్రం కనబడదు గాని హోరు వినబడుతోంది. చెప్పుల్లోకి ఇసుక వచ్చింది, సరిగ్గా మా ఊరి ఇసుకే. పక్కనే జీడిమామిడి చెట్టు. ఎండకి కొబ్బరాకుల నీడలు కూడా మా తోటలో లాగే నేలమీద కదులుతున్నాయి. నా కళ్ళకు గంతలు కట్టి, మా తోటలోనే నాలుగుసార్లు తిప్పి వదిలేస్తే, ఈలోగా మనుషులందరినీ ఎవరో మార్చేసినట్టనిపించింది.

అక్కడ కూరలన్నీ వెడల్పాటి గిన్నెల్లో వరసగా పెట్టి ఉంచారు. కంచం పట్టుకెళ్ళి మనకి కావలసింది మనమే వేసుకోవాలి. చేపల పులుసులు, కొబ్బరిపాల కూరలు, ఎండురొయ్యల వాసన కొట్టే ఎర్రటి పచ్చడి. ఒక తట్టలో లేత జీడి చిగుళ్ళు, పచ్చివే. పచ్చడిలో నంజుకుని తింటారట. పుట్టినప్పటి నుంచీ జీడితోటల్లో తిరిగినదాన్ని, ఆ ఆకు తింటారని నాకు తెలీదు. కొంచెం వగరుగా, బాగానే ఉంది. కోపం కోపమే, ఆకలి ఆకలే. కంచం నిండా పెట్టుకుని వెనక్కి తిరిగాను.

మా ఆయన కంచమే తీసుకోలేదు. మూల బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే పక్క బల్ల మీది ముసలాయన లేచొచ్చి, మా బల్ల మీదున్న ఐసునీళ్ళ జగ్గుని చప్పుడు కాకుండా తీసుకుపోయాడు. ఇంకొకడు ఉప్పు సీసా తీశాడు. అంతవరకూ గలగలా మాట్లాడుకుంటున్న వాళ్ళు గొంతులు తగ్గించారు. ఒకామె నావైపు చూసి, నేను చూడగానే తల దించుకుంది. వీళ్ళందరికీ తెలిసినదేదో నా ఒక్కదానికే తెలీదని అర్థమైంది.

ఇంతలో లోపల్నుంచి హోటలామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, తలకి నీలం గుడ్డ చుట్టుకుంది, కళగల ముఖం. ఈయన ఏమీ అడగలేదు, ఆవిడా అడగలేదు. మూత పెట్టిన కంచం ఒకటి తెచ్చి ఆయన ముందుంచింది. పద్నాలుగేళ్ళ కాపురంలో నేనైనా ఏం కావాలో అడిగి వడ్డిస్తాను! ఇదేనన్నమాట, అనుకున్నాను. నోట్లోకి మాట వచ్చేసింది. అప్పుడాయన మూత తీశాడు.

తెల్లటి అన్నం. పసుపైనా వెయ్యకుండా ఉడికించి వార్చిన సొరకాయ ముక్కలు. బొటనవేలంత చేపముక్క. పక్కన చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు. కప్పు మీద పెన్నుతో గీత గీసి ఉంది. నీళ్ళు సరిగ్గా ఆ గీత దాకానే ఉన్నాయి.

ఆ కంచం నాకు తెలుసు. కిడ్నీలు పోయాక మా మావకి మూడేళ్ళు వండింది నేనే. ముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టాలి. ఉప్పు వెయ్యకూడదు. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్నా ఆయనకి ఒక్క బొండం కొట్టివ్వకూడదు. మా వీధిలో ఇంటికొక కంచం అలాంటిది ఉంటుంది. అది సముద్రం దాటి మాకంటే ముందొచ్చి, ఇక్కడ మా కోసం కాసుకుని కూర్చుంది.

నేను కంచం బల్లమీద పెట్టి, వంగి, ఆయన ప్యాంటు అంచు పైకెత్తి, చీలమండ పైన బొటనవేలితో నొక్కాను. అందరూ చూస్తున్నారు, చూడనీ. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. పూడుతుందేమోనని చాలాసేపు చూశాను. ఫోన్‌లో నేను చూసి కుళ్ళుకున్న ఆ నిండు బుగ్గలు ఒళ్ళు కాదు, వాపు.

"ఎంతుంది?" అన్నాను. మా వైపు ఎంతుంది అంటే రక్తంలో క్రియాటినినే, ఏదని ఎవరూ అడగరు.

"నాలుగు దాటీసింది."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. డాట్రు రాసిచ్చిన కాయితం ఈవిడికి సూపించాను. అప్పట్నుంచీ వేరే గిన్నెలో వండుతాది."

సవతి ఉన్నా బాగుండేది. నిజంగా అలాగే అనుకున్నాను. జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని, నాలుగు రోజులు ఏడ్చేదాన్ని, మొగుణ్ణి వెనక్కి తెచ్చుకునేదాన్ని. హోటలామె నా భుజం మీద చెయ్యేసి ఏదో అంది. ఆ భాష నాకు రాదు. చెయ్యి మాత్రం మెత్తగా ఉంది.

"నాకెందుకు సెప్పనేదు బావా?"

"సెప్తే నువ్వూ మారిపోతావని. వచ్చే నెల మెడికల్ ఉంది. పాసవను, ఇంటికి పంపించీత్తారు. ఊళ్ళో దిగిన కాడ్నుంచీ అందరూ పరామర్శకొత్తారు. ఆల్లు సూసే ముందు నువ్వొక్కదానివే సూడాలని పిలిసాను."

"నన్నేటి సెయ్యమంతావు?"

"తిట్టు."

"ఏటి?"

"తిట్టవే. అమ్మ మా అయ్యని ఎలగ తిట్టేదో నీకు తెల్సు కదా. జబ్బని తెలిసిన రోజు మానీసింది. ఆ తర్వాత అన్నీ మెత్తటి మాటలే. ఒకరోజు అయ్య నన్ను పిలిసి 'నాను సచ్చిపోతన్నానేట్రా? మీ యమ్మ తిట్టడం మానీసింది' అన్నాడు. నువ్వు మానకు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ తిట్టు."

తిట్లకేం కరువు? దారంతా కూడబెట్టినవి నోటినిండా ఉన్నాయి. ముందు వరసలో "దొంగ సచ్చినోడా" ఉంది. పెళ్ళికి ముందు నుంచీ రోజుకి పదిసార్లన్న మాట. నోరు తెరిచాను. "సచ్చి" దగ్గరే నాలుక ఆగిపోయింది. ఇంకొకటి వెతికాను, అందులోనూ చావే. మా వైపు తిట్లన్నీ చావుతోనే ఉంటాయని ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఆ బల్ల దగ్గర తెలిసింది. ఆయన ఆశగా నా ముఖంలోకే చూస్తున్నాడు. ఏదో ఒకటి అనాలి.

"సల్లారిపోతంది బావా. తిను" అన్నాను.

అది నా గొంతు కాదు. మా అత్త గొంతు. ఆ మూడేళ్ళూ గుమ్మంలో నిలబడి మావతో మాట్లాడిన గొంతు, అచ్చం అదే, నా నోట్లోంచి వచ్చింది.

ఆయన అన్నంలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నువ్వూ మానీసేవా" అన్నాడు.