కుడివైపు బాణం

సైకిల్ పోటీలో గెలిచినవాళ్ల ఫొటోలు మర్నాడు పేపర్లో పడతాయి. వాళ్లు దారి తప్పకుండా చూసిన మనిషి ఫొటో ఏ పేపర్లోనూ పడదు. మా పోటీకి ఇరవై ఆరేళ్లు దారి చూపించిన మనిషిని అందరం బాణాలాయన అనేవాళ్లం. సొంత పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే పక్కకు తప్పుకునేవాడు.

మాది ఆడవాళ్ల పోటీ. ఆరు రోజులు, రోజుకో అంచె. పొద్దున ఒక ఊళ్లో బయలుదేరి, వంద కిలోమీటర్ల పైచిలుకు తొక్కి, మధ్యాహ్నానికి ఇంకో ఊరు చేరతారు. ఆరు రోజుల సమయమూ కూడితే ఎవరిది తక్కువైతే వాళ్లే విజేత. పన్నెండు జట్లు, జట్టుకు ఆరుగురు. జట్ల పేర్లు వాటిని పోషించే కంపెనీలవే కాబట్టి మా మాటలు బయటివాళ్లకు పిచ్చిగా వినిపిస్తాయి. గొడుగుల జట్టు వెనకబడిందంటాం, పరుపుల జట్టు కొండ మీద కూలబడిందంటాం, రంగుల జట్టు ఎప్పటిలాగే ముందుందంటాం. నేను రూటు పుస్తకం తయారుచేసే గుమస్తాని. ఎన్నో కిలోమీటరు దగ్గర ఎటు తిరగాలి, ఎక్కడ గతుకులున్నాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. సాయంత్రం జడ్జీల గదిలో కూర్చుని తీర్పులు టైపు చేసేదీ నేనే. కాబట్టి ఇందులో నేను కళ్లతో చూసింది కొంత, చేత్తో కొట్టింది కొంత.

బాణాలాయన పని పోటీకి ఒకరోజు ముందు నడుస్తుంది. అమ్మాయిలు మూడో అంచె తొక్కుతుంటే ఆయన నాలుగో అంచె దారిలో ఉంటాడు. తన వ్యాను తనే నడుపుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా ఆగి, స్తంభానికో చెట్టుకో పసుపు ప్లాస్టిక్ పలకను ఇనప తీగతో కడతాడు. పలక మీద నల్లబాణం తప్ప ఒక్క అక్షరం ఉండదు. దానికి పైనా కిందా లేదు, ఎటు తిప్పి కడితే అటు చూపిస్తుంది. ఎడమచేతివాటం మనిషి గనక ఆయన తీగకు వేసే మెలి లోకానికి ఎదురు తిరిగి ఉంటుంది. కొస ఎవరికీ గీసుకోకుండా లోపలికి వంచుతాడు. కట్టడంతో పని అయిపోదు. ఇరవై అడుగులు వెనక్కి నడిచి, నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని, తల వంచి, కనుబొమల కిందనుంచి పలకను చూస్తాడు. హ్యాండిల్ మీద పడి తొక్కే మనిషికి లోకం అంతే కనిపిస్తుంది మరి. "చావడానికి నా బండే దొరికిందా?" అని లారీవాళ్లు తిట్టని రోజు లేదు. ఆయన మాత్రం చూడాల్సింది చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, చెయ్యూపి వెళ్లిపోయేవాడు.

పోటీ దాటిపోయాక వెనకే ఇంకో వ్యాను వచ్చి ఆ పలకలు విప్పుకుపోతుంది. దాన్ని నడిపేవాడు ఆయన బావమరిది. మాట ఎక్కువ, మనసు మెత్తన, తొందరపాటు చెప్పనలవి కాదు. బావంటే అతనికి ప్రాణం. ఆయన మీద ఈగ వాలినా ఒప్పుకోడు. ఇరవై ఆరేళ్లలో బావ కట్టిన బాణం ఒక్కటీ తప్పు కాలేదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. అది నిజమే కాబట్టి మేం భరించేవాళ్లం.

బాణాలాయన కూతురు గొడుగుల జట్టులో తొక్కేది. ఇరవై ఏడేళ్లు. గొప్ప పోటీదారేమీ కాదు, కానీ మొండిఘటం. ఆ ఏడాదితో గొడుగుల కంపెనీ జట్టును మడిచేస్తోంది. ఇంకో జట్టు దొరక్కపోతే సైకిల్ గోడకు తగిలించి, వాళ్లమ్మ పనిచేసే కళ్లద్దాల షాపులో కౌంటరు వెనక నిలబడాలి. రంగుల జట్టు మేనేజరు ఆమెతో, "మొత్తం పోటీలో మొదటి పదిమందిలో ఉండు. వచ్చే ఏడాది నా జట్టులో చోటు నీదే" అన్నాడు. అందరి ముందే అన్నాడు, నేనూ విన్నాను. నాలుగో అంచె అయ్యేసరికి ఆమె తొమ్మిదో స్థానంలో ఉంది.

ఐదో అంచెలో డెబ్బై నాలుగో కిలోమీటరు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమది పోటీ దారి, కుడిది క్వారీకి పోయేది. పెద్ద కూడళ్లలో జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. ఇలాంటి చిన్న చీలికలో బాణమే దిక్కు. ముందు వెళ్లేవాళ్లకు దారి చూపే మోటారు సైకిలు వాళ్లతో కలిసి ఎడమకు పోయింది. ఆ గుంపును అందుకోవాలని ఈ పిల్ల వెనక గుంపులోంచి ఒంటరిగా దూసుకొచ్చింది. ముందువాళ్లు మలుపు తిరిగి కనుమరుగయ్యారు, వెనకవాళ్లు ఇంకా కొండ దిగలేదు. స్తంభానికి పలక ఉంది, బాణం కుడికి ఉంది. ఆమె కుడికి తిరిగింది. కిలోమీటరు వెళ్లాక క్వారీ గేటు, గేటుకు తాళం. వెనక్కి తిరిగి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. తొమ్మిదో స్థానం ఇరవై ఒకటయింది.

వెనక గుంపుకు జడ్జీల కారు తోడుంది గనక వాళ్లు సరిగ్గానే ఎడమకు పోయారు. ఆ కారులోంచే కబురు వచ్చింది. డెబ్బై నాలుగు దగ్గర బాణం తేడాగా ఉంది, ఎవరూ ముట్టుకోవద్దు అని. వైర్‌లెస్ ఉన్న ప్రతి బండిలోనూ ఆ మాట వినిపించింది. పావుగంటకు బావమరిది గొంతు వచ్చింది. "డెబ్బై నాలుగు దగ్గర పలకే లేదండీ. ఎవరో పీక్కుపోయినట్టున్నారు."

పలకలు మాయం కావడం మాకు కొత్త కాదు. ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి ఏటా పాతిక ముప్పై ఎత్తుకుపోతారు. కాబట్టి ఆ మాటను ఎవరూ అనుమానించలేదు.

ఆ సాయంత్రం ఒక బడిలో, ఆరో తరగతి గదిలో ఆ అమ్మాయి ఫిర్యాదు మీద విచారణ జరిగింది. పెద్ద జడ్జి ఒకావిడ. తనూ ఒకప్పుడు పోటీల్లో తొక్కినదే. మిగతా ఇద్దరు జడ్జీలు పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అవస్థ పడుతున్నారు. మా పోటీ నిబంధన సూటిగా ఉంటుంది. నిర్వాహకుల తప్పువల్ల దారి తప్పితే పోయిన సమయం తిరిగి ఇస్తారు. బయటివాళ్లెవరో బాణం తిప్పి ఉంటే ఇవ్వరు. దారి తెలుసుకోవలసిన బాధ్యత తొక్కేవాళ్లదే. అంటే అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఆ బాణం కుడికి కట్టింది బాణాలాయనా, ఊళ్లో ఆకతాయిలా?

ఆయన ఆరో అంచె దారిలో పని ఆపి వచ్చాడు. చేతుల నిండా తీగ మసి.

"మీరు ఎటు కట్టారు?" అంది జడ్జి.

"ఎడమకే కట్టాలండీ."

"కట్టాలా, కట్టారా?"

"చెప్పలేనండీ. నిన్న అక్కడ ఉండగా మా అమ్మాయి ఫోను చేసింది. తొమ్మిదో స్థానానికి వచ్చానని చెప్పింది. ఫోను భుజానికి నొక్కుకుని కట్టేశాను. సంతోషంలో ఉన్నాను. వెనక్కెళ్లి కూర్చుని చూడలేదు. అన్నిచోట్లా చూశాను, అక్కడ చూడలేదు."

"చూడకపోవడం వేరు, తప్పు కట్టడం వేరు. తప్పు కట్టారా?"

"తెలియదండీ."

నాకు ఒళ్లు మండింది. తప్పు కట్టానని ఒక్కమాట అంటే కూతురి బతుకు నిలబడుతుంది. ఆ గదిలో ఆయన మాట కాదనేవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఏం చెబితే అదే మాకు దారి. అయినా మనిషి తెలియనిదాన్ని తెలుసు అనలేకపోయాడు. 'తెలియదు అన్నారు' అని కొట్టాను.

పలక ఉంటే మెలి చూసి తేల్చేవాళ్లం, పలకే మాయమయింది అని జడ్జి నిట్టూర్చింది. నిర్ణయం అరగంటలో చెబుతానంది.

బయట వరండాలో కూతురు బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్లకు ఇంకా పోటీ బూట్లే. బావమరిది మెట్ల దగ్గర నిలబడి, లోపల ఏమైందని అడిగాడు. బాణాలాయన చెప్పాడు. మెలి చూసి ఉంటే తేలిపోయేదని కూడా చెప్పాడు. అది వినగానే బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, పలక నా బండిలోనే ఉంది."

"ఏంటి?"

"నేనే కోసేశాను. వైర్‌లెస్‌లో విన్నాను. వెళ్లి చూస్తే నీ మెలే. కొస కూడా నువ్వు వంచినట్టే ఉంది. కుడికి ఉంది బావా. ఇన్నేళ్లకి నీ పేరు పోతుందనుకున్నాను. పలక లేకపోతే గొడవ ఉండదనుకున్నాను."

"పిల్ల సంగతి?"

"పిల్ల గురించి తట్టలేదు బావా. ఒట్టు. నీ గురించే ఆలోచించాను."

ఆ మనిషిని కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియని స్థితి. బాణాలాయన రెండూ చేయలేదు. అతని రెక్క పట్టుకుని వ్యాను దగ్గరికి లాక్కెళ్లాడు. పలకనూ, తెగిన తీగ ముక్కలనూ తీసుకుని ఇద్దరూ మళ్లీ లోపలికి వచ్చారు. నేను వెనకే వెళ్లి టైపు మిషన్ ముందు కూర్చున్నాను.

"తప్పు నాదేనండీ," అన్నాడు బాణాలాయన. ఈసారి తల ఎత్తి చెప్పాడు. "కుడికి కట్టింది నేనే. ఇదిగో నా మెలి."

బావమరిది జరిగిందంతా చెప్పి దణ్ణం పెట్టాడు. జడ్జి తీగను వేళ్లతో తిప్పి చూసింది.

"ఇది మీ మెలే. కాదనను. కానీ ఇలాంటివి ఆ బండిలో రెండొందలు ఉంటాయి. ఇది ఆ స్తంభం దగ్గరిదే అని ఎలా చెప్పను?"

"నేను చెబుతున్నాను కదండీ," అన్నాడు బావమరిది.

"పలక లేదని చెప్పిందీ మీరే." ఆవిడ బాణాలాయన వైపు తిరిగింది. "ఇందాక మీరు తెలియదన్నారు. ఇప్పుడు తెలుసంటున్నారు. మధ్యలో మీ అమ్మాయితో వరండాలో ఉన్నారు. నా చోట మీరుంటే ఏమనుకుంటారు?"

ఆవిడ చెడ్డది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మొదట నిజం చెప్పినందువల్లే రెండోసారి చెప్పిన నిజం చెల్లలేదు. తండ్రి మనసు అబద్ధం ఆడించిందని అందరూ అనుకున్నారు, అందుకు ఆయన మీద జాలి కూడా పడ్డారు. ఆ జాలి చూస్తే నాకు చిరాకేసింది. ఆయన మాట నిజమని నాకు లోపల గట్టిగా అనిపించింది. కానీ గుమస్తాకు అనిపించినవి తీర్పులోకి ఎక్కవు. బయటివాళ్ల జోక్యంగా భావించి సమయం తిరిగి ఇవ్వలేదు అని కొట్టి, మూడు ప్రతులు తీశాను.

ఒక ప్రతి వరండాలో బోర్డుకు అంటించడానికి నేనే వెళ్లాను. రంగుల జట్టు మేనేజరు చదువుకుని, ఆ అమ్మాయి వైపు చూసి తల అడ్డంగా ఊపి, తన బస్సు వైపు నడిచాడు. బావమరిది మెట్ల మీద ముఖం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు. బాణాలాయన కూతురి ముందు నిలబడ్డాడు.

"నేనే తప్పు కట్టానమ్మా. చెప్పాను. నమ్మలేదు."

"నేను నమ్ముతాను నాన్నా." ఆమె బూటు పట్టీ విప్పుతూ అంది. "అక్కడ ఎడమకు తిరగాలని నాకు తెలుసు. పొద్దున పుస్తకం రెండుసార్లు చదివాను. ఎడమ అనే ఉంది."

"మరెందుకు తిరిగావే?"

"నువ్వు కట్టావు కదా. పుస్తకమే తప్పేమో అనుకున్నాను."

నేను బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాను. పుస్తకం నాది. దాని మీద అంత నమ్మకం ఎవరికీ ఉండదని నాకు తెలుసు. ఆ మాట లోపల అని ఉంటే ఆమె ఫిర్యాదు మొదట్లోనే పోయేది, అందుకే ఇంతసేపూ మింగేసి కూర్చుంది. తండ్రి గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. ఏడుస్తున్నాడేమో, నేను తిరిగి చూడలేదు.

ఆమే అడిగింది. "రేపటి దారి కట్టడం అయిపోయిందా?"

"ముప్పై కిలోమీటర్లు మిగిలింది. ఇంకెవరినైనా కట్టమంటాను. నా వల్ల కాదమ్మా."

"చీకటి పడకముందే వెళ్లు నాన్నా. రేపు నేను ఆ దారినే రావాలి."