బంగారు లేడిని ఇచ్చేసిన వదిన

మా వదిన చేతిలో వస్తువు నిలిచేది కాదు. ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఆమెకు అన్నం సయించదు.

పంతొమ్మిది వందల ఎనభైల నడుమ తోలుబొమ్మల పెట్టె ఎత్తుకొని ఎనిమిది నెలలు దేశాలు తిరిగినాము. నేను బొమ్మలు ఆడించేవాణ్ణి, వదిన ఆడగొంతులు పాడేది. జపానులో ఆట చూసినామెకు చేతిగాజులు తీసి ఇచ్చింది. జర్మనీలో రైలు టికెట్లు చూసే మనిషికి శెనక్కాయ ఉండలు తినిపించింది. వాళ్ల పేరు తెలీదు, మాట తెలీదు. తిన్నవాడి మొఖం చూసి ఈమె కడుపు నిండేది. నేను అట్లా కాదు. నాది పట్టుకునే చెయ్యి. యాభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నది అబద్ధాలు రాసేదానికి కాదు గదా, అందుకే ఉన్నమాట రాస్తున్నా.

న్యూజెర్సీలో ఒక తెలుగు ఇంజినీరు ఇంట్లో దిగినాము. మమ్మల్ని కార్లో తిప్పేది, మా తరపున ఇంగ్లీషు మాట్లాడేది ఆయనే. మొదటి రోజు పార్కులో చిన్న ఆట. జనమంతా పోయినాక చక్రాల కుర్చీలో ఒక ముసలామె మిగిలింది. ఆమెను తీసుకుపోయే వ్యాను ఇంకా రాలేదు. వదిన పోయి ఆమె పక్కన గడ్డిలో కూర్చుంది. బంగారు లేడి బొమ్మను ఎండకు ఎత్తి పట్టింది. తోలులోని బెజ్జాల్లోంచి వెలుగు దిగి ముసలామె చేతుల మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఆమె చేతులు అటూ ఇటూ తిప్పుకుంటూ ఒకటే నవ్వడం.

పెట్టె సర్దుతూ చూస్తే లేడి లేదు.

"వదినా, లేడి యాడ?"

"ఇచ్చేస్తి."

"ఎవరికి?"

"ఆమెకు. పేరు అడగల్యా."

నాకు ఒళ్లు మండింది. మరుసటి రోజు మధ్యాహ్నం పెద్ద హాల్లో ఆట. అమెరికాలో అదే మా చివరి ఆట. ఆడాల్సింది సీతను ఎత్తుకుపోయే కథ. లేడి రాకపోతే సీత అడగదు, రాముడు పోడు, రావణుడు రాడు. ఇంక జనం తెల్లగుడ్డ చూసి పోవాల్సిందే.

"రేపు తెర ఎనక నువ్వే నాలుగు కాళ్ల మీద ఉరుకు," అంటి కార్లో ఎక్కినాక.

"ఉరుకుతాలే. బాణం మాత్రం మెల్లగా ఎయ్యి."

కారు నడుపుతున్న ఇంజినీరు నడుమ వచ్చినాడు. "అన్నా, ఓల్డేజ్ హోమ్‌లకు ఫోన్ చేసి ఆమెను ట్రేస్ చేయనా? బొమ్మ వెనక్కి అడుగుదాం."

"ఇచ్చింది వెనక్కి అడిగితే రేపు నేను నోరు తెరవను సారూ," అంది వదిన. "సీత పాట మా మరిదే పాడుకోనీ. ఇంకో లేడిని చెయ్యలేడా? పనిమంతుడే గదా."

"తోలు యాడిది? నీ ఈపుదా?"

ఇంజినీరుకు నవ్వాగలేదు. నవ్వుతూనే, డ్రమ్ములు బాగుచేసే షాపు ఒకటి గుర్తొచ్చిందన్నాడు.

తెల్లారి తెరవంగానే పోయినాము. షాపాయన తెల్లగడ్డం మనిషి. సంగతి విని, పాత డ్రమ్ము నుంచి ఊడదీసిన మేకతోలు ఒకటి తెచ్చి, కిటికీ దగ్గర వెలుగుకు ఎత్తి చూసినాడు. మేము చూసేదీ అట్లే. ఆ ఎత్తడం చూస్తూనే నాకు ధైర్యం వచ్చింది. డబ్బు తీస్తే వద్దని చెయ్యి ఊపినాడు. వదిన ఊరుకుంటుందా? సంచిలో ఏమీ లేదు, అందుకని లేడిపాట ఎత్తుకుంది. ఆయన బల్ల మీద దరువేసినాడు.

ఇంజినీరు గరాజులో కూర్చొని కోసినా. తోలు నడుమ, ఎన్నేండ్లో అరచేతులు పడి నల్లబారిన మచ్చ ఉంది. దాన్ని లేడి వీపు మీదికి తెచ్చి, చుట్టూ బెజ్జాలు కొట్టినా. బొమ్మను పట్టి ఆడించే బద్ద లేకపోతే ఆయన పెరట్లో టమాటా మొక్కకు కట్టిన వెదురుపుల్ల పీకినా. రంగు పూర్తిగా ఆరకముందే హాలుకు తీసుకుపోయినాము.

హాల్లో ముందువరసలో ఆ ముసలామె! ఒడిలో మా పాత లేడి. ఆమె చెప్పింది ఇంజినీరు మాకు చెప్పినాడు. "ఈ బొమ్మ లేకుండా మీరు ఆట ఎలా ఆడతారోనని ఆమెకు దిగులు పట్టుకుందట. పార్కులో పంచిన కాగితంలో ఈ హాలు పేరు చూసి, రిటర్న్ ఇచ్చేద్దామని వచ్చిందట."

నా చెయ్యి ముందుకు పోయింది. వదిన ఆ చేతి మీద ఒక్కటేసింది. కొత్త లేడిని పైకెత్తి చూపించి, పాతదాన్ని ముసలామె ఎదకు నొక్కిపెట్టింది.

కొత్త లేడి కాళ్లు బిరుసు. సరిగ్గా ఉరకలేదు, కుంటుకుంటూ గెంతింది. రాముడు ఎట్ల పట్టుకోలేకపోయినాడో నాకే తెలీదు. అయినా సీత అడిగింది, రావణుడు వచ్చినాడు, కథ నడిచింది. వదిన గొంతు ఆ రోజు పలికినట్టు మళ్లా పలకలేదు. తెర సందులోంచి చూస్తే, మా లేడి ఎటు గెంతితే ముసలామె తన ఒళ్లోని లేడిని అటు తిప్పుతా ఉంది.

ఊరికొచ్చినాక ఎప్పుడు లేడిని కోసినా రెండు కోసేవాణ్ణి. ఒకటి పెట్టెకు, ఒకటి వదిన చేతికి. రెండోది మా ఇంట్లో వారం నిలిచింది లేదు.