పొయ్యి వెలగలేదనడానికి సాక్షి

త్రినాధరావు గారు సాక్షి లేనిదే తుమ్మును కూడా తుమ్మని ఒప్పుకోరు. అనకాపల్లిలో కరువు సాయం కమిటీ ఆఫీసుకి ఆయన గుమాస్తా. యుద్ధం రోజులు, బియ్యానికి కటకట. ఆ ఆఫీసులో ఏడాదిగా బంట్రోతు పని చేస్తున్న నూకరాజుకి ఈయన్ని చూస్తేనే తలనొప్పి.

"బాబూ, నిన్న జొరమొచ్చి రానేదండి."

"సాక్షెవరు?"

"జొరానికి సాక్షేటి బాబూ? నా ఒళ్ళే సాక్షి."

"ఒళ్ళు నీ చుట్టం. చుట్టాల సాక్ష్యం చెల్లదు."

ఇంట్లోనూ ఇదే వరస. పులుసులో ఉప్పెక్కువైందని భార్య అప్పలనర్సమ్మ గారు తనంతట తానే ఒప్పుకున్నా, పక్కింటావిడ వచ్చి రుచి చూసి అవుననేదాకా ఆయన ముద్ద కలపలేదట. మంగలి గెడ్డం గీసి "అయిపోయిందండి" అంటే, వీధిన పోయేవాణ్ణి పిలిచి బుగ్గలు చూపించారట. ఇలాంటి మనిషితో కాపరం చేస్తున్నందుకు ఆ ఇల్లాలికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఈ పిచ్చికి తోడు ప్రెసిడెంటు గారి రూలొకటి. సాయం బియ్యం కావాలంటే, మూడు రోజులుగా పొయ్యి వెలగలేదని ఇద్దరు సాక్షులు వచ్చి చెప్పాలి. వాళ్ళు చుట్టాలు కాకూడదు. పన్ను కట్టేవాళ్ళై ఉండాలి. పన్ను కట్టేవాడికి పేదవాడి పొయ్యిలోకి తొంగిచూసే అవసరమేమిటండీ? ఆ మాట ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఆ రూలు చివరికి నూకరాజు అక్క మీదికే వచ్చింది. కాసులమ్మది మునగపాక. చెరుకు గానుగ దగ్గర పని చేసే మొగుడు పోయి రెండు నెలలైంది, ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు. బెల్లం షావుకారు ఒకాయన జాలిపడి ఒక సాక్షిగా వచ్చాడు. రెండో సాక్షి దొరకలేదు. ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంటుంది. సాక్షుల్లేని అర్జీలు కొట్టేస్తుంది.

"బాబూ, మా అప్పండి. పొయ్యి నేను కళ్ళారా సూసేనండి. పొయ్యిలో పిల్లి నెగనేదండి."

"నువ్వు తమ్ముడివి, చెల్లదు. పిల్లి పన్ను కట్టదు."

నూకరాజు పైకి చేతులు కట్టుకుని, లోపల నానా తిట్లూ తిట్టుకున్నాడు. కాసులమ్మ వరండాలో గోడకి చేరబడి కూర్చుంది.

కమిటీ మొదలవగానే ప్రెసిడెంటు గారు తన బిల్లు బల్ల మీద పెట్టారు. రాంబిల్లి వైపు ఆకలి పరిశీలనకి రెండు రోజుల ప్రయాణం. గూడుబండి బాడుగ, పూటపూటా భోజనం, నేతి మిఠాయి శేరున్నర. మెంబర్లు చూడకుండానే తలలూపారు.

త్రినాధరావు గారు కళ్ళజోడు సర్దుకుని, "సాక్షెవరండి?" అన్నారు.

ప్రెసిడెంటు గారు కళ్ళెర్రజేశారు.

"ఏవిటయ్యా నువ్వనేది?"

"తమరు పెట్టిన రూలే గదండి. వరండాలో ఉన్న ఆవిడ తినలేదనడానికి సాక్షుల్ని అడిగాం. తమరు తిన్నారనడానికి అడగొద్దాండి?"

"నా మాట చాలదూ?"

"మా ఆవిడ మాటే చాలదండి నాకు. ఊరందరికీ తెలుసు."

మెంబర్లు నోటికి కండువాలు అడ్డం పెట్టుకున్నారు. ప్రెసిడెంటు గారు విసుక్కుని బండివాడు పోతురాజుని పిలిపించారు. పోతురాజు చుట్టం కాదు, బండికి పన్ను కూడా కడుతున్నాడు. అంతకన్న నికార్సయిన సాక్షి ఎక్కడా దొరకడు.

"రెండు రోజులూ అయ్యగారితో తిరిగావా?" అని అడిగారు త్రినాధరావు గారు.

"తిరిగేనండి. నన్ను కొడుకునాగ సూసేరండి."

"ఎక్కడికెళ్ళారు?"

అయ్యగారిని పొగిడే అవకాశం దొరికిందని పోతురాజు పొంగిపోయాడు. "వియ్యంకుల వారింటికండి, మనవరాలి బారసాలకి. అయ్యగారు మూడు మాట్లు మిఠాయి ఏయించుకున్నారండి. నాకూ ఎట్టించేరు."

"మరి ఆకలి పరిశీలన?"

"ఆకలేటి బాబూ? ఆ ఇంట్లో ఎవులికుంటదండి?"

ప్రెసిడెంటు గారు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ సాక్షుల గోల ఇవాళ్టితో సరి. ఎవరి మాటే వాళ్ళకి సాక్ష్యం. రాయండి," అన్నారు.

త్రినాధరావు గారు చకచకా రాసి, అక్కడికక్కడే సంతకం పెట్టించి, మొదటి అర్జీ తీశారు.

"కాసులమ్మా, మూడు రోజులుగా పొయ్యి వెలిగిందా?"

"నేదు బాబూ."

"సరే. నూకరాజూ, బియ్యం కొలువు."

నూకరాజు ప్రాణం కుదుటపడింది. కొలుస్తూ కొలుస్తూ రెండుసార్లు లెక్క తప్పాడు. రెండుసార్లూ అక్కవైపే తప్పాడు, త్రినాధరావు గారు అటు చూడలేదు.

అందరూ వెళ్ళాక నూకరాజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మరి ఏడాదిగా మమ్మల్నందర్నీ ఎందుకండి బాబూ అంత యేపుకుతిన్నారు?"

"నిరుడు ప్రెసిడెంటు గారు ఆ రూలు పెట్టిన నాడే అనుకున్నాను, ఇది ఆయన్నీ అడగాలని. ఆయన్నొక్కణ్ణే అడిగితే పగతో అడిగాడంటారు, ఉద్యోగం ఊడుతుంది. ఊరందర్నీ అడిగే పిచ్చివాడు అడిగితే ఎవరేమంటారు?"

నూకరాజు ఏడాదిగా తిట్టిన తిట్లన్నీ ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"అయితే ఇంక మానేత్తారా బాబూ?"

"ఎలా మానడం? వచ్చే ఏడు ఇంకో ప్రెసిడెంటు వస్తాడు," అని త్రినాధరావు గారు గొడుగు తీసుకుని ఇంటికి బయల్దేరారు.