అంబలి తాగి దిగున్రి

మొన్న మా అపార్టుమెంటులో నీళ్ల సంపు కడగడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. నేను మొదటి అంతస్తు బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఇనుప మూత పక్కకు జరిగిన చప్పుడు, ఆ వెంటనే చాలాకాలం మూసి ఉంచిన చోటు వదిలే చల్లటి వాసన. కిందికి చూసేసరికి ఒకతను అప్పటికే అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాడు. నా ఒళ్లోని చిక్కుడుకాయలు ఎటు పోయాయో నాకు తెలియదు. "ఆగు బిడ్డా! చాయ్ తాగి దిగు!" అని కేక వేశాను. అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. చాయ్ అంటే ఎవరు కాదంటారు? ఇద్దరూ పైకి వచ్చారు. చాయ్‌తో ఊరుకోకుండా ఉప్మా కూడా చేసి పెట్టాను. ఈలోగా వాచ్‌మన్ చేత టేబుల్ ఫ్యాన్ తెప్పించి సంపు నోటి దగ్గర పెట్టించాను, నడుముకు కట్టడానికి తాడు వెతికించాను. అపార్టుమెంటు సెక్రటరీ గారు అటుగా వెళ్తూ, "ఏంటమ్మా, సంపుకు ఉక్కపోస్తోందా?" అన్నారు. నేనూ నవ్వాను. దిగబోయే మనిషిని వెనక నుంచి పిలవడం మా అత్తగారింట్లో ఒకప్పుడు ఎంత పెద్ద నేరమో చెప్తే ఆయన నమ్మరు.

నేను కోడలిగా ఆ ఇంటికి వెళ్లింది డెబ్బైల్లో. జహీరాబాదు దాటాక, చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, ఎర్ర మొరం బాటలో ఎడ్లబండి మీద పోతే వచ్చే ఊరు. వానాకాలంలో ఆ బాట మీద పొద్దున్నే పొగమంచు లేచేది. అందులోంచి ఎడ్ల మెడల గంటలు ముందు వినిపించేవి, ఎడ్లు తర్వాత కనిపించేవి. ఆ ఇంటిని తలుచుకుంటే నాకు గోడలు గుర్తుకు రావు, నేల గుర్తుకు వస్తుంది. పెద్ద వాకిట్లో నడుస్తుంటే ఒకచోట అడుగుల చప్పుడు మారిపోయేది. అక్కడ నేల కింద పాతర ఉండేది. మొరంలో తవ్విన గొయ్యి అది. పైన మనిషి దూరేంత నోరు, లోపల గది అంత కడుపు. అడుగునా చుట్టూ జొన్నచొప్ప పరిచి, కొత్త జొన్నలు పోసి, బండరాయి మూత పెట్టి, మన్నూ పేడా కలిపి మెత్తేవారు. ఇంట్లోని ధాన్యపు గుమ్ములు ఖాళీ అయ్యి, వానలు పట్టుకున్నాక తెరిచేవారు. పాతర జొన్నల రొట్టెకు ఒక పులిసిన కమ్మటి వాసన ఉండేది. పుట్టింట్లో నాకు తెలియని వాసన. మొదట ముక్కు మూసుకుని తిన్నాను. మరుసటి ఏడాదికి ఆ వాసన లేకపోతే ముద్ద దిగేది కాదు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో ఒక్కోసారి అది ముక్కుకు తగులుతుంది, లేచి చూస్తే వంటింట్లో ఏమీ ఉండదు.

పాతర తెరిచే రోజుకు ఆ ఇంట్లో పెళ్లికి ఉన్నన్ని కట్టుబాట్లు. ఇంటి పెద్ద మగవాడే ముందు దిగాలి. పరగడుపున దిగాలి. మూత తీయగానే దిగాలి, ఎందుకంటే నోరు తెరిచి ఉంచితే లక్ష్మి వెళ్లిపోతుంది, పైగా ఊరి కళ్లు పడతాయి. భర్త లేని ఆడది ఎదురు రాకూడదు. దిగేవాణ్ణి వెనక నుంచి అస్సలు పిలవకూడదు. మా అత్తమ్మ నాకు ఇవన్నీ పెళ్లయిన కొత్తలోనే పాఠం చెప్పినట్టు చెప్పింది. చివరిది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, వెనక గది వైపు చూసింది.

ఆ గదిలో మా పెద్దత్త ఉండేది, మా మామ అన్నగారి భార్య. బీదరు వైపు నుంచి వచ్చిన మనిషి. తెలుగు బాగానే మాట్లాడేది కానీ మనసు కదిలితే పుట్టింటి కన్నడం వచ్చేది. ఆమెకొక వింత అలవాటు. ఎవరినీ వెనక నుంచి పిలిచేది కాదు. నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతుంటే, నాతో పని పడితే, పశువుల కొట్టం చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడేది. కొత్తలో చాలాసార్లు జడుసుకున్నాను. ఒకసారైతే బిందె బావిలో వదిలేశాను. ఆ బిందె తీయించాక మా అత్తమ్మే అసలు సంగతి చెప్పింది. నా పెళ్లికి చాలా ముందు, ఒక వానాకాలం పొద్దున, పెద్దమామ పాతరలోకి దిగబోతుంటే పెద్దత్త చెంబుతో వచ్చి, "అంబలి తాగి దిగున్రి" అని పిలిచిందట. ఆయన తిరగకుండానే చెయ్యి ఊపి దిగాడట. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక నుంచి పిలిచింది, మనిషి పోయాడు అని ఊరు తేల్చేసింది. ఎవరూ ఆమెను తిట్టలేదట. తిట్టే అవసరం లేకుండా అందరూ ఒప్పుకున్నారు, ఆమెతో సహా. అది విన్నాక ఆమె కొట్టం చుట్టూ తిరిగి వస్తున్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. నేనే ముందు లేచి ఎదురు వెళ్లేదాన్ని.

మా చిన్న మరిది వ్యవసాయం చదివి, హైదరాబాదులో ధాన్యం నిలవల మీద పరిశోధన చేసే చోట ఉద్యోగంలో చేరాడు. ఒక వానాకాలం ఇంటికి వచ్చినప్పుడు పెట్టెలో బట్టల కంటే గాజు సీసాలు ఎక్కువున్నాయి. రబ్బరు గొట్టాలు, సైకిలు పంపు, మందుల వాసన. ఊళ్లో పాతర ఉన్న ప్రతి ఇంటికీ పోయి, మూత పక్కన చిన్న బొక్క చేసి, లోపలి గాలి సీసాల్లోకి లాగి బిరడా బిగించేవాడు. పాతరల్లో మనుషులు ఎందుకు చచ్చిపోతారో, ఏ నెలలో గాలి ఎంత చెడుతుందో కనిపెట్టి ఊరూరా చెప్పాలని అతని తపన. ఊరు మాత్రం ముక్కున వేలేసుకుంది. "పటేలు కొడుకు గాలి సీసాలల్ల నింపి పట్నంల అమ్ముతడట" అని చావడి దగ్గర ఒకటే నవ్వులు. అతనూ మంకుపట్టు మనిషే. చావడిలో బొమ్మల కాగితం వేలాడదీసి, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు అంటూ గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ మర్యాదగా విన్నారు. ఏమైనా అడగండి అంటే ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "అంత మంచిగున్నది గని పటేలా, నౌకరి పర్మినెంటేనా?" అన్నాడు. ఆ సాయంత్రం మా మరిది అన్నం సరిగా తినలేదు.

అతన్ని నిజంగా విన్నది ఒక్క పెద్దత్తే. రొట్టెలు తడుతూ వినేది, తలెత్తేది కాదు. "జొన్నలు గూడ మనలెక్కనే ఊపిరి తీస్తయి పెద్దమ్మా. మూత వెట్టినంక మంచి గాలంత అవే తినేస్తయి. చెడ్డ గాలి బరువు, అడుగున కూసుంటది. తడి తగిలితే ఇంక ఎక్కువ," అని చెప్పేవాడు. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. "మనిషికి నొప్పి తెలుస్తదా?" అని అడిగింది. అతను చేతిలోని సీసా కింద పెట్టాడు. "తెల్వదు పెద్దమ్మా. నిద్ర వచ్చినట్టయితది, అంతే." ఆమె తల ఊపి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ రొట్టె మాడిపోయింది. ఆమె చేతిలో రొట్టె మాడడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాకిట్లో నీళ్లు నిలిచి పాతర పక్కల నుంచి దిగాయని మరిదికి అనుమానం. తెరిచే రోజు పొద్దున తుంపర అప్పుడే ఆగింది, ఎర్రమట్టి మెత్తగా ఆవిరి వదులుతోంది. అందరూ పాతర చుట్టూ నిలబడ్డారు, పెద్దత్త మాత్రం ఎప్పటిలాగే వెనక గదిలో తలుపు వేసుకుంది. బండరాయి జరిపారు. నాకు ఇష్టమైన ఆ వాసన ఆ రోజు మరీ ఘాటుగా వచ్చింది. మా మామ రుమాలు బిగించి ముందుకు వచ్చాడు. "నాయినా, జర ఆగు. పొద్దెక్కేదాక తెరిచిపెడదాం. ముందుగాల లాంతరు దించి చూద్దాం," అని మరిది బతిమిలాడాడు. "తెరిచి పెడితే లక్ష్మి ఉంటదారా? నా ఇంట్ల పాతర్ల నేను దిగనీకి లాంతరును అడగాల్నా?" అంటూ మా మామ అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు. మరిది ఆయన భుజం పట్టుకుంటే విదిలించేశాడు.

అప్పుడు వెనక నుంచి వినిపించింది. "జర ఆగున్రి."

పెద్దత్త. ఆ ఇంట్లో అడుగు పెట్టాక ఆమె ఎవరినైనా వెనక నుంచి పిలవగా నేను విన్నది అదే మొదలు. చేతిలో వెలుగుతున్న లాంతరు, దాని పిడికి బావి తాడు. మా అత్తమ్మ "అయ్యో అక్కా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ అడ్డం పోలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, మా మామ కాళ్ల పక్క నుంచి లాంతరును మెల్లగా లోపలికి వదిలింది. చొప్ప మీద పసుపు వెలుగు గుండ్రంగా దిగుతూ పోయింది. కొంత లోతు పోయాక వత్తి ముడుచుకున్నట్టయింది, ఎర్రబడింది, ఆరిపోయింది. గాలి లేదు, వాన చుక్క పడలేదు. తాడు లాగి, మళ్లీ వెలిగించి, మళ్లీ దించింది. అక్కడే ఆరింది.

"హౌదా?" అంది పెద్దత్త. అవునా అని. చీకటి నోటిని అడుగుతున్నట్టు అడిగింది. తర్వాత మరిది వైపు తిరిగి, "ఆయన్ను తీస్కపోయింది గిదేనా బిడ్డా?" "గిదే పెద్దమ్మా. నీ పిలుపు గాదు. గా దినం పెద్దనాయిన నీ మాటకు ఆగుంటే..." అని అతను అక్కడే ఆపేశాడు. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. మా మామ కాళ్లు పైకి తీసుకున్నాడు. రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన క్షమాపణలు అడిగే మనిషి కాదు, ఆ మాటలు ఆయనకు రావు. "వదినె," అన్నాడు చివరికి, "అంబలి ఉన్నదా?"

ఆమె చెంబు తెచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని గటగటా తాగాడు. నోరు తెరిచి ఉన్న పాతరను చూసి మా అత్తమ్మ లక్ష్మి సంగతి ఎత్తబోతే, పెద్దత్త దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నేను కావలి కూసుంట. నన్ను దాటి లక్ష్మి యాడికి పోతది?" మరిది వేపమండలు తాడుకు కట్టి లోపల ఆడిస్తూ గాలి కలియబెట్టాడు. ఎండ వాకిట్లోకి వచ్చాక లాంతరు జొన్నల దాకా పోయినా ఆరలేదు. అప్పుడు కూడా నడుముకు తాడు కట్టనిదే తండ్రిని దిగనివ్వలేదు.

తర్వాతి ఏళ్లలో మరిది సెలవుల్లో వచ్చినప్పుడల్లా బండి కట్టించుకుని పెద్దత్తను వెంట తీసుకుపోయేవాడు. న్యాల్‌కల్ వైపు, రాయికోడ్ వైపు ఊళ్లకు. బొమ్మల కాగితాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆమె లాంతరు దించి చూపించేది, తన కథ చెప్పేది, ఒకడు పడిపోతే ఇంకొకడు వెంట దూకొద్దని చేతులు పట్టుకుని చెప్పేది. ఆమెను ఎవరూ నౌకరి సంగతి అడగలేదు. చాలా ఇళ్లలో కొత్త కట్టుబాటు పుట్టింది. మూత తీశాక ఇంటి ఆడవాళ్లలో పెద్దామె వెనక నుంచి "అంబలి తాగి దిగున్రి" అని పిలవాలి, అందరూ ఆగాలి. అంబలి తాగినంతసేపు చాలదని మరిది మొత్తుకుంటే, రొట్టెలూ పుంటికూరా కబుర్లూ కలిపి పొద్దెక్కేదాకా సాగదీశారు. ఎనభైలు గడుస్తుంటే గోనెసంచులూ చౌకబియ్యమూ వచ్చి పాతరలు ఒక్కొక్కటే పూడిపోయాయి. మాది పూడ్చిన ఏడాదే పెద్దత్త పోయింది. అప్పటికి ఆమె కొట్టం చుట్టూ తిరగడం మానేసి చాలాకాలమైంది. ఎక్కడున్నా సరే, వెనక నుంచే "ఓ పిల్లా!" అని గట్టిగా పిలిచేది. ఆ కేకకు ఎన్నిసార్లు ఉలిక్కిపడినా నాకు సంతోషంగా ఉండేది.

మొన్నటి మనిషి ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, తాడు కట్టించుకుని దిగాడు. పని చేసుకుని, తడి తలతో నవ్వుతూ పైకి వచ్చాడు. నేనింకా అతను వెనక్కి తిరిగి చూసిన ఆ క్షణం దగ్గరే ఉన్నాను. ఒక వానాకాలం పొద్దున చెంబు పట్టుకుని నిలబడ్డ పెద్దత్త పిలుపుకు ఆ రోజు ఎవరూ తిరగలేదు. కాలం ఆ పిలుపు వినకుండా పోదేమో, వెనక్కి తిరిగి చూడడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.