సలీం బాబాయ్ ఒక్క డిస్కు పెళ్ళిళ్ళు

నిన్న పొద్దున దోసెలు వేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సలీం బాబాయ్ పోయాడే."

"ఏ సలీం బాబాయ్?" అన్నాను. మాకున్నది ఒక్కడే. అయినా అడిగాను. పెనం మీద దోసె మాడిపోయింది.

నిద్రలోనే పోయాడట. ఆ మాట విన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మన చుట్టాల గ్రూపులో ఆయన తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయన మా నాన్న ఫ్రెండ్. బందరులో వీడియో షాపు. అవనిగడ్డ నుంచి గుడివాడ దాకా మన వాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ కెమెరా ఆయనదే.

పెళ్ళంతా ఒక్క డిస్కులో ఇమడాలి. అదీ ఆయన పంతం. ఒక డిస్కులో రెండు గంటల వీడియో పడుతుంది. ఇంకా కూరితే మొహాలు అలుక్కుపోతాయి. పోనీ రెండు డిస్కులు చెయ్యి బాబాయ్ అంటే, "రెండోది ఎవరూ పెట్టరమ్మాయ్. అందులో ఉన్నవాళ్ళు పెళ్ళికి రానట్టే" అనేవాడు.

అందుకని ప్రతి పెళ్ళినీ రెండు రకాలుగా ఎడిట్ చేసేవాడు. ఆడపెళ్ళివారి డిస్కులో వాళ్ళ చుట్టాలు ఎక్కువ, మగపెళ్ళివారి దాంట్లో వీళ్ళ చుట్టాలు ఎక్కువ. ఎవరిది వాళ్ళకి. అందరూ హ్యాపీ.

నా పెళ్ళికి మాత్రం రెండూ తారుమారయ్యాయి.

గుడివాడలో మా అత్తారింట్లో హాలు నిండా జనం. డిస్కు పెట్టారు. చూస్తే అంతా మా దివిసీమ బలగమే! మా పెదనాన్న పులిహోర ఇంకా వెయ్యమని విస్తరి చూపిస్తున్నాడు. మావయ్యగారి అన్నదమ్ములు ఒక్కరూ లేరు.

"మేమేమన్నా దారినపోయేవాళ్ళమా?" అని మావయ్యగారు లేచి నిలబడ్డారు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. కొత్త కోడల్ని. అప్పటికే అత్తయ్య నాతో అంటీముట్టనట్టు ఉండేది. బెంగతో నాకు నోరు పెగలదు, ఆవిడేమో అది పొగరనుకుంది.

అంతలో అప్పగింతలు వచ్చాయి. మగపెళ్ళివారి డిస్కులో అది చిన్న ముక్క. ఇందులో మొత్తం ఉంది. మా నాన్న చొక్కా పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపంతా.

అత్తయ్య టీవీ వంక చూసింది, నా వంక చూసింది. "ఇంత బెంగ పెట్టుకుని వచ్చావా? ఒక్క మాట చెప్పలేదేంటే పిచ్చిదానా!" అని దగ్గరికి లాక్కుంది. ఆ ఆదివారం తనే నన్ను మా ఊరి బస్సెక్కించింది. ఇవాళ్టికీ ఇంట్లో మేమిద్దరం ఒక జట్టు. మా ఆయన ఒంటరి.

మేం డిస్కు చూసిన మర్నాడే బాబాయ్ అసలుది పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. "పొరపాటైపోయిందండీ" అని మావయ్యగారి చేతులు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర సాగనంపుతూ, డిస్కు చూశాక అత్తయ్య ఎలా మారిందో చెప్పాను.

"అయితే అమ్మాయ్, ఇకనుంచి మార్చే ఇస్తాను" అన్నాడు.

జోక్ అనుకుని నవ్వేశాను.

నిజంగానే మార్చి ఇచ్చాడండీ! ప్రతి పెళ్ళికీ. సలీం గారికి మతిమరుపు వచ్చిందని మీలో ఎంతమంది నా దగ్గరే తిట్టారో! ఈ తిట్లన్నీ నీకెందుకు, రెండు ఇళ్ళకీ రెండేసి ఇచ్చెయ్యొచ్చుగా అని ఒకసారి అడిగాను.

"ఇస్తే ఎవరిది వాళ్ళే చూసుకుంటారు తల్లీ. పొరపాటున వచ్చిందనుకో, మార్చుకునేలోపు చూడకుండా ఉంటారా?"

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఆయన మతిమరుపు మనిషి కాదు. మీ కోడలు ఎంత ఏడ్చి మీ ఇంటికొచ్చిందో మీరు ఒక్కసారైనా చూడాలనుకున్నాడు.

వెళ్ళిరా బాబాయ్. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.